గవరమ్మ అరువు తెచ్చిన కుర్రాడు

బాంబూఫ్లాట్‌లో ఎవరింటికైనా వెళ్ళి చక్కెర అరువడగండి, ఇస్తారు. గొడుగడగండి, సణుక్కుంటూనైనా ఇస్తారు. కానీ పొరుగూరి ఫుట్‌బాల్ ఆటగాణ్ణి అరువు తెచ్చుకుని, ఇంట్లో పెట్టుకుని, మూడు పూటలా మేపి, సీజనంతా ఆడించుకుని తిప్పి పంపే మనిషి మా ఊళ్ళో ఒక్కరే ఉన్నారు. ఆవిడే గవరమ్మ.

గవరమ్మకు ఫుట్‌బాల్ తెలుసని నేననను. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆవిడకి ఇప్పటికీ తెలియదు. తెలియదని ఒప్పుకోదు కూడా. జెండా లేచిన ప్రతిసారీ మైదానం గట్టు మీద నిలబడి, "కుర్రోడు ముందుకు పరిగెట్టడం తప్పేటి? ఎనకాల పడుండమంటావేటి?" అని లైన్స్‌మన్ మీద విరుచుకుపడుతుంది. అయినా మా కోస్టల్ బాయ్స్ క్లబ్బుకు ఆవిడే అధ్యక్షురాలు. ఆవిడ భర్త యర్రయ్య హార్బరు దాటించే చాథం ఫెర్రీ మీద పనిచేసేవాడు. జెట్టీ దగ్గర తిరిగే పిల్లల్ని పోగేసి క్లబ్బు పెట్టింది ఆయనే. ఆయన పోయాక, ఇక దీన్ని ఎవరు నడుపుతారని పెద్దమనుషులందరం కూర్చుని తర్జనభర్జన పడుతుంటే, గవరమ్మ వచ్చి జెర్సీల మూట నెత్తిన పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయింది. మూట ఎవరింట్లో ఉంటే క్లబ్బు వాళ్ళది. మా ఎన్నికలు అలా ముగిశాయి.

నేను ఆ క్లబ్బుకు కార్యదర్శిని. పేరు వెంకటాచలం. శ్రీకాకుళం నుంచి ఈ దీవులకు తెలుగు మాస్టారుగా వచ్చాను. ఇవాళో రేపో బదిలీ అయిపోతానని పెట్టె పూర్తిగా విప్పకుండానే ఉండి ఉండి, చివరికి ఇక్కడే రిటైరయ్యాను. నాకు అరువు ఆటగాళ్ళంటే మొదటినుంచీ గిట్టదు. సొంత పిల్లలు బెంచీ మీద గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే, ఎవరో వచ్చి మన చొక్కా తొడుక్కుని గోలు కొడితే అది మన గోలెలా అవుతుంది? పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు పెద్దలు. ఈ మాటే గవరమ్మతో అన్నాను ఒకసారి.

"మాస్టారూ, మీ ఇంట్లో బోల్డు పాలున్నాయనుకోండి," అంది ఆవిడ. "అలగే ఒగ్గెయ్యండి. పెరుగవుతాయేటి? ఇరిగిపోతాయి. పక్కింటికాడ్నించి చుక్క తోడు తెచ్చి కలపాలి. మన కుర్రోళ్ళు పాలు. బస్, అంతే మరి."

"తోడెక్కువైతే పులిసిపోతుంది కదమ్మా."

"అందుకే కదా ఏడాదికొక్కణ్ణే తెత్తాను."

తోడు వచ్చేది మాయాబందర్ నుంచి. అక్కడ గవరమ్మ అన్న దానయ్యకు ఒక క్లబ్బుంది. పేరు దానయ్యది, పెత్తనం ఆయన భార్య గురువమ్మది. వాళ్ళ పోటీలు వేరు, మా లీగు వేరు. ఎదురుబొదురు ఆడే పని లేదు కాబట్టి ఇచ్చిపుచ్చుకోవడానికి అడ్డం లేదు. అక్కడ ఆడే అవకాశం రాని చిన్నవాణ్ణెవణ్ణో గురువమ్మ ఒక సీజన్‌కు పంపుతుంది. వాడికి ఆట దొరుకుతుంది, మాకు రెండు కాళ్ళు దొరుకుతాయి. కావాలన్నప్పుడు తిప్పి పంపెయ్యాలి. పెద్ద పెద్ద క్లబ్బులవాళ్ళు ఇలాంటి వాటికి లాయర్లను పెట్టుకుంటారట. మా వదినా మరదళ్ళకు ఆ అవసరం రాలేదు. ఇంటికీ ఇంటికీ మధ్య తోడు చుక్కకూ పప్పుగిన్నెకూ ఏ పద్ధతులో, ఆటగాడికీ అవే పద్ధతులు. దీపాలు పెట్టాక ఇవ్వకూడదు. మంగళవారం, శుక్రవారం ఇంటి సొత్తు గడప దాటించకూడదు. తిరిగిచ్చేటప్పుడు గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు, అందులో చిటికెడు పంచదారో, అరటిపండో ఏదో ఒకటి వెయ్యాలి. ఇవన్నీ మా ఇళ్ళలో అందరికీ తెలిసినవే. వాటిని ఫుట్‌బాల్‌కు తగిలించినవాళ్ళు మాత్రం లోకంలో వీళ్ళిద్దరే అయ్యుంటారు.

అయితే గురువమ్మ తెలివి తక్కువదేమీ కాదు. పుచ్చువంకాయ ఎప్పుడూ పక్కింటికే పోతుంది. ఒక ఏడాది గోల్‌కీపరును పంపింది. వాడు ఏ పోస్టుకు ఆనుకుంటే ఆ పోస్టు దగ్గరే కునుకు తీసేవాడు. ఇంకో ఏడాది వచ్చినవాడు మా ఫెర్రీలో రోజూ చాథం వెళ్ళే ఒక అమ్మాయి మీద మనసు పారేసుకుని, ప్రాక్టీసు మానేసి సీజనంతా హార్బరు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తిరిగాడు. మరో ఏడాది "చిన్నవాడు, ఇంకా మీసాలు కూడా సరిగ్గా రాలేదు" అని ఫోనులో తెగ పొగిడి పంపినవాడు, చంకలో కొడుకుతో బస్సు దిగాడు. గవరమ్మ ఆ పిల్లవాడికి ఉగ్గుపెట్టి, తండ్రిని డిఫెన్సులో నిలబెట్టింది. వచ్చిన సొత్తును వంక పెట్టి తిప్పి పంపడం మర్యాద కాదని ఆవిడ పట్టుదల.

"ఎప్పుడూ పుచ్చుకోడమేగానీ, నువ్వు ఇచ్చిందెప్పుడే మరదలా?" అని గురువమ్మ ఫోనులో దెప్పేది.

"మా అన్న నాకేటిచ్చేడు వదినా, ఇయ్యడానికి?" అని ఈవిడ తిప్పికొట్టేది. దానికీ ఫుట్‌బాల్‌కూ సంబంధం లేదు. కానీ వదినా మరదళ్ళ మాటల్లో సంబంధం వెతకకూడదు.

ఈ ఏడాది మాత్రం పరాచికాలకు వేళ లేదు. లీగులో ఆఖరున మిగిలిన జట్టు కింది డివిజన్‌కు దిగిపోవాలి. మేమేమో పోయిన సీజన్ ఆఖర్న మునిగిపోయేవాళ్ళం, ముక్కు మాత్రం నీళ్ళ పైన ఉంచుకుని బతికాం. ఈసారి దిగామంటే ఇక లేవం. హార్బరు అవతలి జట్టు డైరీ ఫార్మ్ రోవర్స్ వాళ్ళు చాథం జెట్టీలో అందరూ వింటుండగానే, "మీరు దిగిపోతే మీ పిల్లల్ని మేం తీసుకుంటాంలే, బాధపడకండి" అన్నారు. ఎంత దయ! అంటే మా పిల్లలందరూ హార్బరు దాటి అక్కడ ఆడతారు, గవరమ్మ ఇంట్లో జెర్సీల మూట మిగులుతుంది. యర్రయ్య పెట్టిన క్లబ్బు అక్కడితో సరి. ఆ రాత్రి నుంచి గవరమ్మ సరిగ్గా అన్నం తినలేదని మా ఆవిడ శారదాదేవి చెప్పింది.

అలాంటి సమయంలో గురువమ్మ మణికుమార్‌ను పంపింది. పంపడం కూడా ఏమంత తొందరగా పంపలేదు. అడిగిన రోజు శుక్రవారమంది. ఆ తరువాత బస్సుకు టికెట్టు తీస్తే మంగళవారం పడింది, కుదరదంది. ఈలోపు మా మొదటి మ్యాచ్ ఓడిపోయాం. తీరా దిగినవాడు వెదురుబద్దలా ఉన్నాడు. మాయాబందర్‌లో చేపల వేటకు వెళ్ళే ఇంటి పిల్లవాడు. వాళ్ళ క్లబ్బులో ముందు వరుసలో ఆడేది దానయ్య కొడుకు మధుబాబు. మధుబాబు ఉన్నన్నాళ్ళు వీడికి చోటు లేదు. మ్యాచ్ అయ్యాక బంతులు ఏరడం, నీళ్ళ సీసాలు నింపడం వీడి పని. మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. ఏమడిగినా "అచ్ఛా" అనేవాడు. అన్నం పెట్టనా అంటే అచ్ఛా, నీ పేరేమిటి అంటే అచ్ఛా.

"ఇదేటి, గురువమ్మ ఈసారి మూగోణ్ణి పంపింది," అని గవరమ్మ నిట్టూర్చింది.

మైదానంలోకి దిగాక మూగవాడు కాదని తెలిసింది. బంతి వాడి కాళ్ళ దగ్గరికి వస్తే, ఎదుటివాడు కుడివైపు కాచుకుంటే ఎడమవైపు నుంచి, ఎడమవైపు కాచుకుంటే కుడివైపు నుంచి జారుకునేవాడు. ఏ కాలు వాటమో కనిపెట్టలేకపోయేవాళ్ళం. రెండో మ్యాచ్‌లో గోలు కొట్టాడు. మూడోదానిలో ఇంకొకటి. గట్టు మీద మా ఊరివాళ్ళు పూనకం వచ్చినట్టు ఎగిరారు. నేను మాత్రం ఎగరలేదు. మనసులో కొంచెం ఎగిరాను, అది వేరు.

గొడవ ఎక్కడొచ్చిందంటే రామ్‌ప్రసాద్ దగ్గర. రామ్‌ప్రసాద్ గవరమ్మ మనవడు. వాళ్ళమ్మ రాజకుమారి ఎక్కడో దూరాన క్యాంప్‌బెల్ బేలో ఉద్యోగం చేస్తుంది. పిల్లవాడు పాలు మరిచిన నాటినుంచీ అమ్మమ్మ దగ్గరే పెరిగాడు. మా జట్టులో ముందువరుస స్థానం వాడిదే. మణికుమార్ రాగానే వాణ్ణి పక్కకు జరిపారు. అదే ఇంట్లో, అదే చాప మీద, పక్కపక్కనే పడుకోవాలి ఇద్దరూ. ఇక చూడండి. మాటకు ముందు కాలర్లు పట్టుకునేవాళ్ళు. "జెట్టీ కాడికి రా, తేల్చుకుందాం" అని రామ్‌ప్రసాద్ అనడం, "చలో" అని వాడు లేవడం. సాయంత్రం ఇద్దరూ ఒళ్ళంతా మట్టి కొట్టుకుని, చెమటలు కక్కుకుంటూ, మొహాలు చెరోవైపు పెట్టుకుని వచ్చేవాళ్ళు.

గవరమ్మ దగ్గర దీనికొక్కటే మందు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకే కంచంలో అన్నం పెట్టేది. ఆ కంచంలోనే చేప వేపుడు ముక్కలన్నీ వేసేది. "ఒక కంచంలో తిన్నోళ్ళు కొట్టుకోకూడదు. తినండి. ఒకడి ముక్క ఇంకొకడు లాగితే చేతులిరిచేస్తాను." ఇద్దరూ గుర్రుగా చూసుకుంటూనే కంచం నాకేసేవాళ్ళు. నేను పక్కన కూర్చుని చూసేవాణ్ణి. సుర్మై దొరికిన రోజు గొడవ కాస్త ఎక్కువగా ఉంటోందని అనిపించింది గానీ, చేప వేడి చేస్తుందేమోలే అనుకున్నాను.

ఒక్కటి మాత్రం నిజం. మణికుమార్ వచ్చాక మా పిల్లల్లో బద్ధకం వదిలింది. పొద్దున్నే లేవని వాళ్ళు లేచి పరిగెత్తడం మొదలుపెట్టారు. "పరాయోడు మన బంతి కొట్టుకుపోతుంటే చూస్తూ కూర్చుంటామా" అనే ఉడుకుమోత్తనం అది. గవరమ్మ తోడు సిద్ధాంతం నిజమవుతోందని నేను ఆవిడతో అనలేదు. అంటే ఇక నన్ను బతకనివ్వదు.

ఆఖరి మ్యాచ్ వచ్చింది. డైరీ ఫార్మ్ రోవర్స్‌తోనే. గెలవక్కర్లేదు, ఓడకపోతే చాలు, మేం పై డివిజన్‌లో మిగులుతాం. ఆదివారం జరగాల్సింది వాన కురిసి ఆగిపోయింది. మంగళవారం సెలవు కాబట్టి ఆ రోజుకు మార్చారు. ఆ ఆదివారం సాయంత్రమే గురువమ్మ ఫోను చేసింది. గవరమ్మకు చెవి మందం. ఫోను ఎప్పుడూ గట్టిగానే మోగుతుంది, గట్టిగానే మాట్లాడుతుంది. కాబట్టి మేమందరం విన్నాం.

"మధుబాబు కాలు మడతపడిపోయింది మరదలా. బుధవారం మాకు సెమీఫైనలు. మణిగాణ్ణి పంపీ. రేపు పొద్దున్న బస్సుకి ఎక్కించీ."

గవరమ్మ నావైపు చూసింది. నేను ఆవిడవైపు చూశాను. అరువు వద్దు, సొంత పిల్లలు చాలు అని సీజనంతా గొంతు చించుకున్న నేనే, పంపొద్దని రెండు చేతులూ అడ్డంగా ఊపాను.

"దీపాలెట్టీసేను వదినా," అంది గవరమ్మ, ఎంతో బాధగా. "ఈ ఏళప్పుడు ఇస్తానన్న మాట నోటెంట రాకూడదు. రేపు మాటాడుకుందాం."

సోమవారం పొద్దున్నే మళ్ళీ ఫోను.

"బస్సెక్కించేవేటి?"

"ఎలగ ఎక్కిస్తాను వదినా? కుర్రోణ్ణి ఖాళీ చేతుల్తో పంపమంటావా? మా అన్న ఏటనుకుంటాడు? అరిసెలొండి పంపుదామని రాత్రే బియ్యం నానబోసీసేను. బెల్లం కూడా తెచ్చీసేను. ఇయ్యాళొండుతాను."

గవరమ్మ చేతి అరిసెలంటే గురువమ్మకు ప్రాణం. ఆ బలహీనత ఈవిడకు తెలుసు. బియ్యం నానడం మాట అటుంచి, ఆ ఇంట్లో బియ్యం నానబోసే గిన్నె మూలన బోర్లించి ఉంది. నేను నా కళ్ళతో చూశాను.

"అయితే రేపు పొద్దున్న పంపుతావా?" అంది గురువమ్మ అనుమానంగా.

"అయ్యయ్యో! రేపు మంగళారం కదా వదినా."

అంతే. గురువమ్మ నోరు కట్టేసినట్టయింది. మంగళవారం కుదరదని సీజన్ మొదట్లో ఆవిడే చెప్పింది. తాను తవ్విన గోతిలో తానే పడింది. ఇక పంపితే బుధవారమే పంపాలి, బుధవారం బయల్దేరినవాడు మాయాబందర్ చేరేసరికి వాళ్ళ సెమీఫైనల్ అయిపోతుంది. మంగళవారం మా మ్యాచ్ మాత్రం నిక్షేపంగా ఆడేసి వెళతాడు. గురువమ్మ ఏదో సణిగి ఫోను పెట్టేసింది. గవరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పది నిమిషాలు నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజంతా బాంబూఫ్లాట్‌లో ఇదే ముచ్చట. ఫెర్రీ టికెట్ల దగ్గర కూడా ఇదే.

సాయంత్రం టీ తాగుదామని గవరమ్మ ఇంటికి వెళ్ళాను. మణికుమార్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన బ్యాగు. జిప్పు మూసి ఉంది. కాళ్ళకు చెప్పులు కాదు, బూట్లున్నాయి. లేసులు కట్టి ఉన్నాయి.

"ఇదేట్రా, ఇప్పుడే ఊరెళ్ళేవాడిలాగ కూకున్నావు?" అని గవరమ్మ నవ్వుతూనే అడిగింది.

"నిన్న సాయంత్రమే బ్యాగు సర్దేసుకున్నాడు," అని రామ్‌ప్రసాద్ లోపలి నుంచి అన్నాడు. "పొద్దున్న బస్సు టైముకి లేచి రెడీ అయిపోయాడు. నువ్వు పంపుతావేమోనని."

గవరమ్మ నవ్వు ఆగింది. వెళ్ళి వాడి పక్కన కూర్చుంది.

"అక్కడికెళ్ళి ఏటి చేస్తావురా? నీళ్ళ సీసాలే కదా ఇచ్చేది? ఇక్కడ నువ్వు రాజాలాగ ఆడుతున్నావు. రేపొక్కరోజు ఆడీసి ఎల్లు."

వాడు తల వంచుకునే మాట్లాడాడు. సీజనంతటిలో అన్ని మాటలు వాడి నోట నేను వినలేదు.

"ఇన్నాళ్ళూ అందరూ 'పో' అన్నోళ్ళే అమ్మమ్మా. వాళ్ళ ఊరు పో, ఈళ్ళ ఊరు పో అని. మా క్లబ్బు నన్ను 'రా' అన్నది ఇదే మొదలు. మా నాన్న కూడా వేటకెళ్ళకుండా చూడ్డానికి వస్తానన్నాడు." ఆగి, మళ్ళీ అన్నాడు. "నువ్వు వద్దంటే ఉండిపోతాను. నీ అన్నం తిన్నాను."

గవరమ్మ లేచి ఇంట్లోకి వెళ్ళింది. వంటింట్లో గిన్నెలు దడదడమన్నాయి. బయటికొచ్చి పెరట్లోకి వెళ్ళింది. పెరట్లో కోడిని తిట్టింది, గోడను తిట్టింది, గురువమ్మను తిట్టింది, యర్రయ్యనూ వదల్లేదు. తిరిగి వచ్చేటప్పటికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పొద్దున్న ఫెరార్‌గంజ్‌లో బస్సెక్కిస్తాను. పడుకో పో."

నేను లేచి అడ్డం నిలబడ్డాను. "అమ్మా! రేపు మ్యాచ్! ఒక్కరోజు. ఒక్క రోజంటే ఒక్కరోజు! ఓడిపోతే క్లబ్బుండదు. పైగా మంగళవారమన్నది మీరే."

"అన్నాను. ఆ మాట అన్న నోటితోనే పంపుతున్నాను. మంగళారం పంపితే నా ఇంటికి కీడొస్తే రానీ, ఆ కుర్రోడి ముఖం అలగ చూస్తూ కూకోలేను." కొంగుతో మొహం తుడుచుకుని నావైపు తిరిగింది. "మీకేటి మాస్టారూ? అరువు వద్దని కదా మీరు గోల? రేపు అరువు లేకుండా ఆడదాం. సంతోషించండి."

నేను టీ తాగకుండానే ఇంటికి వెళ్ళిపోయాను.

మంగళవారం తెల్లవారకుండానే ఆవిడ వాణ్ణి బస్సెక్కించింది. అరిసెలు లేవు కదా, దారిలో కొన్న బిస్కెట్ పొట్లాలు రెండు బ్యాగులో కుక్కింది. నేను వెళ్ళలేదు. వెళ్తే బస్సుకు అడ్డం పడుకుంటానేమోనని నామీద నాకే నమ్మకం లేదు.

మధ్యాహ్నానికి విషయం ఊరంతా పాకింది. మైదానం గట్టు మీద జనమంతా చావింటికి వచ్చినట్టు కూర్చున్నారు. డైరీ ఫార్మ్ వాళ్ళు మాత్రం ఫెర్రీ నిండా డప్పులతో దిగారు. ముందువరుసలో రామ్‌ప్రసాద్ నిలబడ్డాడు. "అయ్యో, మణిగాడుంటే" అని ఎవరో అన్నారు, వాడికి వినిపించేలాగే. ఇంకెవరో "సచ్ హై", నిజమేనని వంత పాడారు. రామ్‌ప్రసాద్ దవడ బిగించాడు.

మొదటి సగంలోనే వాళ్ళు గోలు కొట్టారు. డప్పులు మోగాయి. గవరమ్మ మామూలుగా లైన్స్‌మన్‌ను తిట్టాల్సింది, తిట్టలేదు. గట్టు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడికి మొదటిరోజు వచ్చిన పిల్లలా కూర్చుంది. ఆవిడ అరవకపోతే నాకు భయం వేసింది.

రెండో సగంలో మా పిల్లలు కొట్టని బంతి లేదు, పడని చోటు లేదు. బంతి అన్నిచోట్లకూ వెళ్ళింది, వలలోకి తప్ప. ఇక అయిపోయిందనుకుంటుండగా బంతి రామ్‌ప్రసాద్ దగ్గరికి వచ్చింది. ఇద్దరు డిఫెండర్లు వాడి కుడికాలి వైపు మూగారు. వాళ్ళ తప్పేమీ లేదు. రామ్‌ప్రసాద్ పుట్టిన నాటినుంచీ కుడికాలితోనే ఆడాడు, ఆ సంగతి హార్బరుకు రెండువైపులా తెలుసు. వాడు బంతిని ఎడమవైపుకు లాగాడు. ఎడమకాలితో కొట్టాడు. కీపరు కదిలేలోపు వల ఊగింది.

బాంబూఫ్లాట్ మొత్తం అరిచింది. నేను ఎగిరాను. బాహాటంగా ఎగిరాను, పంచె కూడా సర్దుకోలేదు. ఈల మోగింది. ఒకటి ఒకటి. గవరమ్మ నా చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది.

"మాస్టారూ, సమానం కదా? సమానమైతే మనం ఉంటాం కదా? ఉంటాం కదా?"

"ఉంటామమ్మా. ఉన్నాం."

ఆవిడ మైదానంలోకి పరిగెత్తింది. రిఫరీ ఆపబోయాడు, పక్కకు తోసేసింది.

బుధవారం సాయంత్రం మేమందరం గవరమ్మ అరుగు మీదే ఉన్నాం. ఫోను మోగింది. ఎత్తీ ఎత్తకముందే అవతలి నుంచి గురువమ్మ గొంతు.

"చూసేవా మరదలా! రెండు గోల్సు! రెండూ మా కుర్రోడే! ఫైనల్‌కి ఎల్లిపోయేం. మాయాబందర్ అంతా మోసుకు తిరుగుతున్నారు. వాళ్ళ నాన్నయితే చిన్నపిల్లోడిలాగ ఏడిసీసేడు. మా కుర్రోడంటే ఏటనుకున్నావు?"

మా కుర్రాడు అనే మాట ఆవిడ మళ్ళీ మళ్ళీ అంటోంది. సీజనంతా ఆ కుర్రాణ్ణి మేపినదీ, మంచం పట్టినప్పుడు నుదుటి మీద తడిగుడ్డ వేసినదీ గవరమ్మ. గురువమ్మకు ఒక మాట అంటించడానికి ఇంతకన్నా మంచి సందర్భం ఉండదు. అందరం గవరమ్మ మొహంలోకి చూశాం.

"మీ కుర్రోడే వదినా," అంది గవరమ్మ. "నేను కాదన్నానేటి? నాకు చాలా సంతోషంగా ఉంది."

"ఒంట్లో బాగోలేదేటే నీకు?" అంది గురువమ్మ. "ఉండు, మణిగాడు మాటాడతాడంట."

"అమ్మమ్మా!" మణికుమార్ గొంతు. వెనకాల కేకలు, ఈలలు. "రామ్‌ప్రసాద్ గోల్ కొట్టాడంట కదా? ఎడమకాలితోనేనా?"

గవరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. "ఎడమకాలని నీకెలగ తెలుసురా?"

వాడు తడబడ్డాడు. "అదీ... జెట్టీ కాడ మేం రోజూ..." అని ఆగిపోయాడు. "ఫోను కట్ అవుతోంది అమ్మమ్మా." ఫోనేమీ కట్ కాలేదు.

గవరమ్మ మెల్లగా మనవడి వైపు తిరిగింది. రామ్‌ప్రసాద్ గడప దాటబోతున్నాడు. ఆవిడ వాడి చొక్కా పట్టుకుంది. నిజం బయటపడడానికి ఆట్టే సేపు పట్టలేదు. వచ్చిన మొదటివారంలో ఒక్కరోజు మాత్రం నిజంగానే కొట్టుకున్నారట. ఆ రోజు అమ్మమ్మ ఒకే కంచంలో వేపుడు ముక్కలన్నీ పెట్టేసరికి, ఇదేదో బాగుందే అనుకున్నారట. ఆ తరువాత కొట్టుకుందామని కేకలేసుకుని వెళ్ళడం, జెట్టీ వెనక పడవల షెడ్డు గోడకు బంతి కొడుతూ మణికుమార్ వీడికి ఎడమకాలు నేర్పడం, ఒంటికి మట్టి పూసుకుని మొహాలు మాడ్చుకుని వచ్చి సుర్మై తినడం. సీజనంతా ఇదే భాగోతం. చేప వేడి చేస్తుందనుకున్న నా తెలివికి నేనే దణ్ణం పెట్టుకున్నాను.

"దొంగ ఎదవల్లారా! నన్నే మోసం చేస్తార్రా?" గవరమ్మ గరిటె తీసింది. వాడు తప్పించుకోలేదు, నవ్వుతూ వీపు చూపించాడు. గరిటె ఒక్కసారి తగిలింది, గట్టిగా కాదు. తరువాత అదే చేత్తో వాణ్ణి దగ్గరికి లాక్కుంది.

ఫోనింకా నడుస్తూనే ఉంది. అటునుంచి గురువమ్మ గొంతు మళ్ళీ వినిపించింది. ఈసారి దెప్పిపొడుపు లేదు.

"మరదలా, ఒకటడగనా? మధుబాబు కాలు కట్టు ఇప్పడానికి నెలలు పడుతుందంటున్నారు. వచ్చే నెల మా లీగు మొదలవుతాది. మణిగాడు ఒకటే గోల. రామ్‌ప్రసాద్ పక్కనుంటే ఇద్దరం కలిపి ఇరగ్గొట్టీస్తాం అంటున్నాడు. ఒక్క సీజను. నీ మనవణ్ణి ఇస్తావేటి?"

గవరమ్మ దగ్గర సాకుల మూట ఎంత పెద్దదో మాకు తెలుసు. పిల్లవాడికి జ్వరమనొచ్చు. వాళ్ళమ్మ ఒప్పుకోదనొచ్చు. గ్రహాలు బాగోలేవనొచ్చు. రామ్‌ప్రసాద్‌ను ఆవిడ ఒక్కరోజు కూడా విడిచి ఉండలేదు. ఆ ఇంట్లో వాడు తప్ప ఆవిడకు ఇంకెవరూ లేరు. ఆవిడ నోరు తెరిచింది, వాడివైపు చూసింది. వాడు ఏమీ పట్టనట్టు గోడకేసి చూస్తున్నాడు. కానీ చెవులు ఎర్రబడ్డాయి. అమ్మమ్మ వద్దంటుందేమోనని భయం, రమ్మన్నారనే సంబరం, రెండూ కలిసి వాడి మొహం ఎటూ కాకుండా ఉంది.

తెరిచిన నోరు గవరమ్మ మూసేసింది. కాసేపటికి కళ్ళల్లోంచి నీళ్ళు జారాయి, తుడుచుకోలేదు.

"ఈడు లేకపోతే ఇల్లు నాకు బోసిగుంటాది వదినా," అంది. "అయినా పంపుతాను. పెద్ద ముక్క ఈడికే పెట్టు. తిన్నాడో లేదో రోజూ ఫోను చెయ్యి. ఎప్పుడు పంపమంటావు?"

అలవాటు లేని మాట కదా, గురువమ్మ ఆ కంగారులో, "మంగళారమైనా పరవాలేదు మరదలా," అనేసింది.